తూకంలో నెగ్గితేనే కేబిన్

పండక్కి ఊరెళ్లాలన్నా, ఉద్యోగం మారి వేరే నగరానికి మకాం మార్చాలన్నా, పిల్లల దగ్గరికి అమెరికా పోవాలన్నా, ఇంట్లో ఓ కుక్కో పిల్లో ఉంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది: 'మరి దీని సంగతేంటి?' విమానంలో మన కాళ్ల దగ్గరే కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే వీలు కొన్ని సంస్థలు ఇస్తున్నాయి. ఆ వీలు ఎవరికి, ఎంతవరకు, ఏ జాగ్రత్తలతో?

2019 నవంబరు. మాస్కోలోని షెరెమెత్యెవో విమానాశ్రయం. చెకిన్ కౌంటర్ దగ్గర తూకం యంత్రం మీద ఓ సంచి ఉంది. అందులో విక్టర్ అనే నాలుగేళ్ల పిల్లి. దాని యజమాని రీగా నుంచి వచ్చి, దేశానికి ఆ చివరనున్న వ్లాదివోస్తోక్ వెళ్లాలి. ఎనిమిది గంటలకు పైగా ప్రయాణం. కేబిన్‌లోకి తీసుకెళ్లే జంతువు 8 కిలోలు దాటకూడదని ఏరోఫ్లోత్ సంస్థ నిబంధన. యంత్రం 10 కిలోలు చూపించింది.

'కింద సామాన్లలో వేయండి' అన్నారు సిబ్బంది. అతను బతిమాలాడు. కుదరదన్నారు. పిల్లిని ఒంటరిగా కింద పడేసి పైన కూర్చోలేక విమానాన్నే వదులుకున్నాడు. ఆ రాత్రి మాస్కోలోని స్నేహితులందరికీ కబురు పెట్టాడు. విక్టర్‌ లాంటి రంగే ఉండి, బరువు తక్కువున్న పిల్లి ఎవరి దగ్గరైనా ఉందా? దొరికింది. దాని పేరు ఫీబీ, బరువు 7 కిలోలు. మర్నాడు ఫీబీని తూకం వేయించి బోర్డింగ్ పాస్ తీసుకున్నాడు. ఆ వెంటనే ఫీబీని స్నేహితులకు అప్పగించి, విక్టర్‌ని సంచిలో పెట్టుకుని విమానమెక్కేశాడు.

ఈ ముచ్చటంతా ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడంతో సంగతి బయటపడింది. సంస్థ సీసీ కెమెరాలు తిరగేసి అతని ఖాతాలోని మూడు లక్షల డెబ్బై వేలకు పైగా మైళ్లను రద్దు చేసింది. రష్యా అంతా విక్టర్ పక్షాన నిలిచి పిల్లుల ఫొటోలతో అంతర్జాలాన్ని నింపేసింది.

నిబంధన ప్రకారం సంస్థ చేసింది తప్పు కాదు. కానీ ఓ మనిషి ఇంత తతంగానికి ఎందుకు దిగాడన్నది జంతువును పెంచుకునే ప్రతి ఇంటికీ తెలుసు. రెండు కిలోల తేడాతో, ఇంట్లో మన పక్కలో పడుకునే ప్రాణి ఒక్కసారిగా సూట్‌కేసుల పక్కకు వెళ్లిపోతుంది. ఆ భయం హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో షిట్జూని పెంచుకునే కుటుంబానికీ ఉంది, విశాఖలో పర్షియన్ పిల్లిని సాకే పెద్దావిడకూ ఉంది.

మన దగ్గర ఎవరు ఎక్కనిస్తారు?

విమానాల్లో జంతువుల రవాణా గురించి మన పౌర విమానయాన అధికారులు 1985లోనే ఓ సర్క్యులర్ ఇచ్చారు. పెంపుడు జంతువుల విషయంలో ఇప్పటికీ దాన్నే చెబుతుంటారు. ఎక్కించుకోవాలా వద్దా, కేబిన్‌లోనా కార్గోలోనా అన్నది మాత్రం ఆచరణలో సంస్థల ఇష్టానికే వదిలేశారు. అందుకే ఒక్కో సంస్థదీ ఒక్కో దారి.

ఎయిరిండియా దశాబ్దాలుగా చిన్న కుక్కల్నీ పిల్లుల్నీ కేబిన్‌లోకి రానిస్తోంది. 2022లో కొత్తగా వచ్చిన ఆకాశ ఎయిర్ అదే ఏడాది నవంబరు 1 నుంచి తలుపులు తెరిచింది. మొదట సంచితో కలిపి 7 కిలోలు అన్నారు. ఏడాది తిరిగేసరికి దాన్ని 10 కిలోలకు పెంచారు. ఈ మూడు కిలోలు ఎంతో మంది పెంపకందారులకు పెద్ద ఊరట.

దేశంలో అందరికంటే ఎక్కువ మందిని మోసే ఇండిగో మాత్రం పెంపుడు జంతువుల్ని తీసుకోదు. దివ్యాంగులకు సాయపడే శిక్షణ పొందిన కుక్కలకే అక్కడ చోటు. దీని ప్రభావం తెలుగు నేలమీద సూటిగా పడుతోంది. ఇండిగో విమానాలే ఎక్కువగా దిగే రాజమహేంద్రవరం, కడప లాంటి ఊళ్ల నుంచి కుక్కపిల్లతో ఎగరాలంటే దారి దాదాపు మూసుకుపోయినట్టే. వాళ్లు కారు కట్టించుకుని హైదరాబాద్‌కో చెన్నైకో రావాలి. లేదంటే రైలు. రైల్లో కుక్కను వెంట ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి. అది కుదరకపోతే గార్డు పెట్టెలో డాగ్ బాక్స్. వేసవిలో ఆ ఇనుప పెట్టెలో రాత్రంతా ప్రయాణమంటే మనసున్న ఎవరూ ఒప్పుకోరు.

పది కిలోలు అన్నది వినడానికి బాగానే ఉంటుంది. అందులో సంచి బరువూ కలిసే ఉంది. సంచే కిలో, కిలోన్నర తూగుతుంది. మిగిలే ఎనిమిదిన్నరలో ఇమిడేది షిట్జూ, పొమేరేనియన్, చిన్న డాక్స్‌హండ్, పిల్లులు. లాబ్రడార్ ఊసే లేదు. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న మన ఊరకుక్క పెద్దదైతే పదిహేను కిలోలకు తగ్గదు. జంతు ప్రేమికులందరూ 'కొనకండి, దత్తత తీసుకోండి' అని పిలుపునిస్తున్న రోజుల్లో, అలా దత్తత తీసుకున్నవాళ్లకే కేబిన్ తలుపు మూసుకుపోవడం బాధాకరం.

డబ్బున్నవాళ్లు ఏం చేశారో చెప్పే సంఘటన ఒకటి 2021 సెప్టెంబరులో జరిగింది. ముంబయి నుంచి చెన్నై వెళ్లే ఎయిరిండియా విమానంలో ఒకరు తమ చిన్న మాల్టీస్ కుక్క కోసం బిజినెస్ క్లాసులోని 12 సీట్లూ కొనేశారు. అందుకు రెండున్నర లక్షల రూపాయల దాకా అయిందని అప్పటి పత్రికలు రాశాయి. అంతమంది మధ్య అది బెదిరిపోకుండా హాయిగా సాగాలన్నది ఆ యజమాని కోరిక కావచ్చు. కానీ ఆ ధర చెల్లించగలిగేది ఎంతమంది?

> కేబిన్ ప్రయాణం అంటే...
> జంతువు గాలి ఆడే మెత్తటి సంచిలో, ముందు సీటు కింద ఉండాలి. ఎయిరిండియాలో చాలాకాలంగా వాడుకలో ఉన్న సంచి కొలత 18 × 18 × 12 అంగుళాలు. దారి పొడవునా బయటకు తీయకూడదు, ఒళ్లో పెట్టుకోకూడదు. అత్యవసర ద్వారం వరుసలోనూ, మొట్టమొదటి వరుసలోనూ సీటు ఇవ్వరు. ఒక్కో విమానంలో ఇన్ని జంతువులే అన్న పరిమితి ఉంటుంది కాబట్టి మన టికెట్‌తో పాటే దానికీ అనుమతి తీసుకోవాలి. రేబిస్ టీకా కార్డు, ఎగరడానికి ఆరోగ్యంగా ఉందని పశువుల డాక్టరు ఇచ్చే 'ఫిట్ టు ఫ్లై' పత్రం తప్పనిసరి. రుసుము విడిగా కట్టాలి. నిబంధనలు తరచూ మారతాయి కనుక టికెట్ కొనే ముందు సంస్థకు ఫోన్ చేసి, జవాబును మెయిల్‌లో రాయించుకోవడం మంచిది.

ఒక కుక్కపిల్ల, మూడు గంటలు

కేబిన్‌లో ఉంటే చాలు, ఇక భయం లేదనుకోవడానికి వీల్లేదని చెప్పిన ఘటన 2018 మార్చి 12న జరిగింది. హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఓ తల్లి, చంటిబిడ్డ, పదకొండేళ్ల కూతురు ఎక్కారు. వాళ్లతో పది నెలల కొకిటో. అది ఫ్రెంచ్ బుల్‌డాగ్ జాతి కుక్కపిల్ల. డబ్బు కట్టి, కొలత ప్రకారం ఉన్న సంచిలోనే తెచ్చుకున్నారు.

సంచి కొంచెం నడవలోకి పొడుచుకొచ్చిందని, దాన్ని తలపైన సామాన్ల అరలో పెట్టాలని ఎయిర్‌హోస్టెస్ పట్టుబట్టారు. అందులో కుక్క ఉందని ఆ కుటుంబం చెప్పిందని చుట్టుపక్కల ప్రయాణికులు తర్వాత సాక్ష్యమిచ్చారు. కుక్క ఉన్నట్టు తనకు అర్థం కాలేదని ఆమె అన్నారు. ఎలాగైతేనేం, సంచి పైకెక్కింది. అర మూత పడింది. కాసేపు మొరుగుడు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. మూడు గంటలు గడిచి, విమానం దిగాక తీసి చూస్తే కొకిటో చనిపోయి ఉంది.

సంస్థ పూర్తి బాధ్యత ఒప్పుకుంది. కేబిన్‌లోకి వచ్చే జంతువుల సంచులకు దూరం నుంచే కనిపించేలా రంగు పట్టీలు కట్టడం మొదలుపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికా చట్టసభ తలపైన అరల్లో ప్రాణుల్ని పెట్టడాన్ని నేరుగా చట్టంలోనే నిషేధించింది. ఓ కుక్కపిల్ల చావు వల్ల చట్టం మారింది. ఆ చట్టం రావడానికి ఒక చిన్నారి తన కుక్క మూలుగు విని కూడా లేవలేక మూడు గంటలు సీటులో కూర్చోవాల్సి వచ్చింది.

ఇందులో మన ప్రయాణికులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. విమానంలో సిబ్బంది మాట వినాలన్నది నియమమే. కానీ ప్రాణి ఉన్న సంచిని పైన పెట్టమంటే ఒప్పుకోవద్దు. 'ఇందులో కుక్కపిల్ల ఉంది, దీనికి అనుమతి పత్రం ఉంది, సీనియర్‌ని పిలవండి' అని మర్యాదగానే, గట్టిగా చెప్పాలి. అప్పటికీ కాదంటే దిగిపోవడమే మేలు.

కింద అరలో ఏం జరుగుతుంది?

విమానం అడుగున ఉండే సామాన్ల అరలో గాలి ఉండదని, చలికి గడ్డకట్టిపోతాయని చాలామంది నమ్మకం. అది పూర్తి నిజం కాదు. జంతువుల్ని తీసుకెళ్లే అరల్లో గాలి ఒత్తిడి కేబిన్‌లాగే ఉంటుంది, వెచ్చదనం కూడా అదుపులో ఉంచుతారు. లెక్కలు చూసినా చావులు అరుదే. 2017లో అమెరికా సంస్థలు ఐదు లక్షలకు పైగా జంతువుల్ని మోస్తే 24 చనిపోయాయి.

అసలు గండం ఎగిరేటప్పుడు కాదు, ఎగరక ముందూ దిగిన తర్వాతా. రన్‌వే పక్కన సిమెంటు నేలమీద, ట్రాలీలో, ఎండలో నిరీక్షణ. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే అది చల్లబడే ప్రధాన మార్గం. బోనులో గాలి వేడెక్కితే ఆ రొప్పు పనిచేయదు. అమెరికాలో చాలా సంస్థలు నేలమీద వేడి 29 డిగ్రీల సెల్సియస్ దాటితే కార్గోలో జంతువుల్ని ఎక్కించుకోవు. మరి మే నెలలో శంషాబాద్‌లో, గన్నవరంలో మధ్యాహ్నం ఎండ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. కార్గో తప్పదనుకుంటే తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో ఎగిరే విమానం, అదీ మధ్యలో ఆగనిది ఎంచుకోవాలి.

ముక్కు పొట్టిగా, ముఖం చదునుగా ఉండే జాతులకు ఈ వేడి మరీ ప్రమాదం. పగ్, బుల్‌డాగ్, షిట్జూ, పర్షియన్ పిల్లి... వీటి గాలి దారులు పుట్టుకతోనే ఇరుకు. మామూలు రోజుల్లోనే గురక పెడుతూ ఊపిరి తీస్తాయి. అమెరికా రవాణా శాఖ 2010లో బయటపెట్టిన లెక్కలో అంతకు ముందు ఐదేళ్లలో విమాన ప్రయాణాల్లో చనిపోయిన 122 కుక్కల్లో సుమారు సగం ఈ పొట్టి ముక్కువే. ఒక్క ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లే 25, పగ్‌లు 11. అందుకే ఎన్నో సంస్థలు ఈ జాతుల్ని కార్గోలో తీసుకోవడం మానేశాయి.

2003లో వచ్చిన హచ్ మొబైల్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగే పగ్ ఈ దేశంలో ఆ జాతికి ఎక్కడలేని గిరాకీ తెచ్చింది. ముద్దుగా ఉందని తెచ్చుకున్న ఆ ముడతల ముఖమే దాని ఊపిరికి అడ్డు. పగ్ ఉన్న ఇంట్లో విమాన ప్రయాణం మాట వచ్చిందంటే, మొదట పశువుల డాక్టరు దాని గుండెనూ గొంతునూ చూడాలి. ఎందుకంటే కేబిన్‌లో సైతం గాలి నేలమీద ఉన్నట్టు ఉండదు. ఎగిరేటప్పుడు లోపలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండేదానికి సమానం. అంటే మన పొట్టి ముక్కు కుక్కను ఉన్నట్టుండి ఊటీ కొండమీద కూర్చోబెట్టినట్టు. ఆరోగ్యంగా ఉన్నవాటికి ఫరవాలేదు. గుండె జబ్బున్నవాటికీ ముసలివాటికీ అది భారమే.

నిద్రమాత్ర వేస్తే పోలా?

పశువుల డాక్టర్లను యజమానులు తరచూ అడిగే మాట ఇది. జవాబు: వద్దు. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ విమాన ప్రయాణానికి మత్తు మందు ఇవ్వడాన్ని సిఫారసు చేయదు. మత్తులో రక్తపోటు పడిపోతుంది. ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది. విమానం కుదిపినప్పుడు నిలదొక్కుకోలేదు. ఊపిరికి ఇబ్బందైనా కదిలి చెప్పలేదు. మత్తులో ఉన్న జంతువును చాలా సంస్థలు ఎక్కించుకోవు కూడా.

బాగా బెదిరే పిల్లులకు గాబాపెంటిన్ లాంటి మందును కొందరు డాక్టర్లు రాస్తున్నారు. అది మత్తు ఇంజెక్షన్ కాదు, భయాన్ని తగ్గించేది. అయినా మోతాదు డాక్టరే చెప్పాలి. ప్రయాణం రోజే మొదటిసారి వేయకూడదు. కొన్ని రోజుల ముందు ఇంట్లో ఓసారి వేసి, దాని తీరు గమనించాలి. పక్కింటివాళ్ల కుక్కకు పనిచేసిందని మనమూ వేసేయడం ప్రాణాల మీదికి తెస్తుంది.

చట్టం దృష్టిలో అది సామానే

2019 అక్టోబరులో బ్యూనస్ ఎయిర్స్ నుంచి బార్సిలోనా వెళ్లే ఐబీరియా విమానానికి మోనా అనే కుక్కను తెచ్చారు. కేబిన్‌లో పట్టనంత పెద్దది కావడంతో బోనులో సిబ్బందికి అప్పగించారు. విమానం దగ్గరికి తీసుకెళ్తుండగా అది తప్పించుకుని పరుగెత్తింది. మళ్లీ దొరకలేదు. యజమానురాలు 5,000 యూరోల పరిహారం అడిగారు. సంస్థ తన బాధ్యతను ఒప్పుకుంది కానీ, పోయిన సామానుకు ఇచ్చే పరిమితి వరకే ఇస్తామంది.

ఆ కేసు యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2025 అక్టోబరు 16న తీర్పు వచ్చింది. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో సంస్థల బాధ్యతను తేల్చే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమానంలో ఉండేవి ప్రయాణికులు, సామాను, సరకు మాత్రమే. పెంపుడు జంతువు ప్రయాణికుడు కాదు, కాబట్టి సామాను కిందే వస్తుంది. ఎక్కువ పరిహారం కావాలంటే చెకిన్ దగ్గరే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టాలి. మాంట్రియల్ ఒప్పందంలో భారత్ కూడా 2009 నుంచి భాగస్వామి.

తీర్పు విని జంతు ప్రేమికులు నొచ్చుకున్నారు. చట్టపరంగా దానికి వేరే దారి లేకపోవచ్చు. కానీ ఆ ఒప్పందం రాసిన 1999 నాటికీ ఇప్పటికీ ఇళ్లలో ఈ ప్రాణుల స్థానం మారిపోయింది. ఒప్పందాన్ని తిరిగి చూడాల్సిన సమయం వచ్చింది.

కేబిన్‌లో వెళ్లేవాళ్లకూ మోనా కథలో ఓ హెచ్చరిక ఉంది. జంతువు తప్పించుకునే అవకాశం ఎక్కువగా ఉండేది సంచి తెరిచిన క్షణంలోనే. విమానాశ్రయం భద్రతా తనిఖీలో ఆ క్షణం తప్పదు. సంచి ఒక్కటే ఎక్స్‌రే యంత్రంలోకి పోవాలి, జంతువు మన చేతుల్లో ఉండాలి. ప్రాణిని పొరపాటున కూడా యంత్రం బెల్టు మీద పంపకూడదు. చుట్టూ బీప్ శబ్దాలు, ట్రేల చప్పుడు, యూనిఫారాలు. పిల్లి అయితే గోళ్లు దింపి దూకేస్తుంది. అందుకే మెడకు పట్టీ కాదు, ఛాతీ చుట్టూ బిగిసే హార్నెస్ తొడిగి, తాడు మణికట్టుకు చుట్టుకుని అప్పుడే సంచి జిప్పు తీయాలి. తలుపున్న గదిలో తనిఖీ చేయమని అడగడానికీ మొహమాటపడొద్దు.

> 61 రోజులు
> 2011 ఆగస్టులో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో జాక్ అనే పిల్లి బోనులోంచి తప్పించుకుంది. దాని కోసం వేల మంది సామాజిక మాధ్యమాల్లో ఏకమై వెతికారు. 61 రోజుల తర్వాత కస్టమ్స్ గది పైకప్పులోంచి కింద పడి దొరికింది. అప్పటికే ఒళ్లు శిథిలమై, కొద్ది రోజులకే కన్నుమూసింది.

యుద్ధంలోంచి ఇంటికి

జంతువుల విషయంలో మన ప్రభుత్వం ఒక్కసారిగా కాగితాలు పక్కన పెట్టిన సందర్భం 2022 మార్చిలో వచ్చింది. ఉక్రెయిన్ మీద బాంబులు పడుతున్నాయి. అక్కడ చదువుకుంటున్న వేల మంది భారతీయ విద్యార్థుల్లో కొందరు తమ కుక్కల్నీ పిల్లుల్నీ వదిలి రామన్నారు. దేహ్రాదూన్‌కు చెందిన ఓ విద్యార్థి తన కుక్క మాలిబుకు అనుమతి ఇవ్వాలని వీడియోలో వేడుకున్నాడు. మామూలుగా విదేశం నుంచి జంతువును తేవాలంటే జంతు క్వారంటైన్ విభాగం నిరభ్యంతర పత్రం, టీకా రికార్డులు, పరీక్షలు ఎన్నో కావాలి. కేంద్ర పశుసంవర్ధక శాఖ ఆ విద్యార్థుల కోసం ఒక్కసారికి ఆ నిబంధనలు సడలించింది. మాలిబు ఇంటికొచ్చింది.

కేరళకు చెందిన ఓ వైద్య విద్యార్థిని ఐదు నెలల హస్కీ పిల్ల జైరాను చలిలో ఎత్తుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచి రొమేనియా సరిహద్దు దాటింది. దిల్లీ దాకా వచ్చింది. అక్కడి నుంచి కొచ్చి వెళ్లే విమానంలో కుక్కకు చోటు లేదన్నారు. ఆమె ఎక్కనంది. చివరికి కేరళ ప్రభుత్వం కల్పించుకుని ఏర్పాట్లు చేసింది. యుద్ధభూమి దాటిన ప్రాణి స్వదేశంలోని విమానం దగ్గర ఆగిపోవడం మన నియమాల్లోని వెలితిని అందరి కళ్లకూ కట్టింది.

ఆ రోజుల్లోనే తణుకుకు చెందిన ఓ డాక్టరు కథ తెలుగువాళ్లందరి నోళ్లలో నానింది. ఉక్రెయిన్‌లోని సెవెరొదొనెట్స్క్‌లో ఓ జాగ్వార్‌నూ నల్ల చిరుతనూ పెంచుకుంటున్న ఆయన, వాటిని వదిలి రానని బాంబుల మధ్య నేలమాళిగలో ఉండిపోయారు. అవి సంచిలో పట్టే ప్రాణులు కావు. కానీ వదిలి రాలేకపోవడం అన్నది అదే.

అమెరికా వెళ్లాలంటే నెలల ముందే

పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డాక, ఇక్కడి తల్లిదండ్రుల దగ్గర పెరిగిన కుక్కను తీసుకెళ్లాలనుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడ నియమాలు 2024 ఆగస్టు 1 నుంచి బాగా బిగిశాయి. కుక్కల ద్వారా రేబిస్ వ్యాపించే ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. ఇక్కడి నుంచి వెళ్లే కుక్కకు ఆర్నెల్లు నిండి ఉండాలి. రెండు నెలల కూనను ముచ్చటపడి తీసుకెళ్లడం ఇక కుదరదు. ముందు చర్మం కింద మైక్రోచిప్ వేయించాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసిన 30 రోజులకైనా ఆగి రక్తం తీసి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో యాంటీబాడీలు పరీక్షించాలి. రక్తం తీశాక మరో 28 రోజులు ఆగితేనే అక్కడ క్వారంటైన్ తప్పుతుంది. వీటన్నింటికీ ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకాలు కావాలి.

ఇంకో మెలిక ఉంది. ఇలా ఇక్కడ టీకా వేయించుకున్న కుక్క ఏ విమానాశ్రయంలో పడితే అక్కడ దిగడానికి లేదు. అట్లాంటా, లాస్ ఏంజెలిస్, మయామీ, న్యూయార్క్ జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డలస్ అనే ఆరింటిలోనే దిగాలి. చివరి పేరు విని మన డాలస్ అనుకుని టికెట్ కొంటే చిక్కే. టెక్సస్ డాలస్ ఈ జాబితాలో లేదు. పిల్లులకు ఈ కఠిన నియమాలు లేకపోవడం వాటి యజమానులకు ఊరట.

> దేశానికో తీరు
> యూరప్: భారత్ నుంచి వచ్చే కుక్క, పిల్లికి చిప్, టీకా, యాంటీబాడీ పరీక్ష, ఆపైన మూడు నెలల ఎడం ఉండాలి. హైదరాబాద్ నుంచి నేరుగా ఎగిరే లుఫ్తాన్సా, కేఎల్‌ఎం రెండింటిలోనూ కేబిన్ పరిమితి సంచితో కలిపి 8 కిలోలు.
> బ్రిటన్: సాయపడే కుక్కలు తప్ప ఏ పెంపుడు జంతువూ కేబిన్‌లో దిగడానికి వీల్లేదు, కార్గోగానే రావాలి. అందుకే కొందరు పారిస్ దాకా కేబిన్‌లో వెళ్లి, అక్కడి నుంచి కారులో ఛానెల్ సొరంగం దాటుతారు.
> ఆస్ట్రేలియా: మెల్‌బోర్న్‌లోనే దిగాలి, మికెల్‌హామ్ క్వారంటైన్ కేంద్రంలో కనీసం పది రోజులు ఉండాలి.
> గల్ఫ్: ఎతిహాద్ కేబిన్‌లో 8 కిలోల వరకు కుక్కలు, పిల్లులకు చోటిస్తుంది. ఖతార్ ఎయిర్‌వేస్ ఎకానమీ కేబిన్‌లో డేగలకు చోటు, గరిష్ఠంగా ఆరు.

పక్క సీటులో ఉన్న మనిషి

పిల్లి లాలాజలంలో, చర్మంపై ఉండే ప్రొటీన్‌ వల్ల కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లాడి తల్లికి పక్క సీటు కింద పిల్లి ఉండటం నిజమైన ఆందోళన. కుక్కంటే చిన్నప్పటి నుంచి భయపడేవాళ్లూ ఉంటారు. వాళ్లు జంతు ద్వేషులు కారు. అలాంటివారు సిబ్బందికి చెబితే వేరే వరుసలోకి మార్చాలి. జంతువును తెచ్చినవాళ్లూ ఎక్కగానే పక్కవారిని ఓ మాట అడగడం మర్యాద: 'మీకేమీ ఇబ్బంది లేదు కదండీ?' ఆ ఒక్క మాటతో సగం గొడవలు పుట్టవు.

హద్దు దాటితే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ మానసిక ధైర్యం ఇచ్చే జంతువుల పేరిట ఏ ప్రాణినైనా ఉచితంగా ఎక్కించుకునే వెసులుబాటు ఉండేది. 2018 జనవరిలో న్యూఆర్క్ విమానాశ్రయానికి ఒకరు డెక్స్‌టర్ అనే నెమలిని తెచ్చారు. అదే ఏడాది ఓర్లాండోలో ఒకరు ఉడుతతో ఎక్కారు. విసిగిన ప్రభుత్వం 2021 జనవరి నుంచి ఆ వెసులుబాటును ఎత్తేసి, శిక్షణ పొందిన కుక్కలకే సహాయ జంతువు హోదా ఉంచింది. కొందరి అతి వల్ల నిజంగా అవసరమున్నవాళ్లూ నష్టపోయారు.

ఇటలీ మాత్రం మరో వైపు అడుగేసింది. పెద్ద కుక్కల్ని కూడా షరతులతో కేబిన్‌లోకి అనుమతించేలా 2025లో అక్కడి అధికారులు నియమాలు మార్చారు. సెప్టెంబరులో మిలన్ నుంచి రోమ్‌కు రెండు పెద్ద కుక్కలతో ప్రయోగాత్మక ప్రయాణం కూడా జరిగింది. తూకమే సర్వస్వం కాదని ఒప్పుకున్న తొలి దేశాల్లో అదొకటి.

సంచితో స్నేహం ముందు ఇంట్లోనే

ప్రయాణం బాగా సాగిన కుటుంబాలనూ, ఏడుపుతో ముగిసిన కుటుంబాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కువగా ఒక్కచోటే కనిపిస్తుంది. సంచిని ఎప్పుడు కొన్నారన్నదే అది. ముందు రోజు కొన్న సంచి కుక్కకు జైలు. నెల ముందు కొని, హాల్లో మూత తెరిచి పడేస్తే అది పడక గది. లోపల మన పాత బెడ్‌షీటు ముక్కో, ఉతకని టీషర్టో పరవాలి. అన్నం గిన్నె అందులోనే పెట్టాలి. తనంతట తాను వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాక జిప్పు ఐదు నిమిషాలు, తర్వాత పావుగంట, తర్వాత గంట వేయాలి. ఆపైన అదే సంచిలో కారులో ఊరు చుట్టి రావాలి. విమానం మోతను ఫోన్లో సన్నగా వినిపించి అలవాటు చేసేవాళ్లూ ఉన్నారు. సంచిలో అది లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. అది కుదరకపోతే తూకంలో నెగ్గినా ఆ సంచి దానికి చాలదు.

ప్రయాణం రోజు నాలుగైదు గంటల ముందు కొంచెం తిండి పెట్టి ఆపేయాలి. నీళ్లు మాత్రం గుక్కలు గుక్కలుగా ఇస్తూ ఉండాలి, ఎందుకంటే కేబిన్ గాలి బాగా పొడిగా ఉంటుంది. విమానాశ్రయానికి బయల్దేరే ముందు, లోపలికి వెళ్లే ముందు రెండుసార్లూ తిప్పుకుని రావాలి. సంచి అడుగున పీల్చుకునే ప్యాడ్ వేసి, చేతిలో మరో రెండు, కొన్ని ప్లాస్టిక్ కవర్లు ఉంచుకోవాలి. విమానం పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడి మారుతుంది. జాలీ సందులోంచి నమలడానికి ఏదైనా చిన్న ముక్క అందిస్తే మింగుతూ సర్దుకుంటుంది. అరిస్తే కసరడం, ఉష్ ఉష్ అనడం కంటే చేతివేళ్లు సంచికి ఆనించి ఉంచడం మేలు. మన వాసన దానికి చాలు.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని జంతువులకు విమానం సరిపడదు. పన్నెండేళ్ల కుక్క, గుండె జబ్బున్న పగ్, కొత్త మనిషిని చూస్తేనే మంచం కింద దూరే పిల్లి... నాలుగు రోజుల పెళ్లి ప్రయాణానికి వీటిని తిప్పడం మన సరదాకే తప్ప వాటికి కాదు. నమ్మకమైన బంధువు ఇంట్లో, తెలిసిన గిన్నెలో తింటూ ఉండటమే వాటికి క్షేమం. శాశ్వతంగా ఊరు మారుతున్నప్పుడు, ఏళ్ల తరబడి విదేశం వెళ్తున్నప్పుడు మాత్రం వదిలేయడం కంటే తీసుకెళ్లడమే ధర్మం. బదిలీ వచ్చిందని కుక్కను వీధిలో విడిచిపోయే ఇళ్లు నగరాల్లో ఇంకా ఉన్నాయి. కేబిన్ దారి సులువైతే వాటిలో కొన్నైనా తగ్గుతాయి.

అందుకే దేశంలో అందరికంటే ఎక్కువ ఊళ్లకు ఎగిరే సంస్థ, చిన్న జంతువుల్ని కేబిన్‌లోకి అనుమతించే విషయాన్ని ఆలోచించాలి. కార్గోలో పంపే జంతువులకు ఎండ పరిమితిని పౌర విమానయాన అధికారులు అన్ని సంస్థలకూ ఒకేలా నిర్ణయించాలి. ఇక వచ్చే సంక్రాంతికి కుక్కపిల్లతో ఎగరాలనుకునే పాఠకులు చేయాల్సిన పని ఇవాళే ఉంది. సంచితో కలిపి దాన్ని తూచండి, టీకా కార్డులో తేదీ చూడండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విమాన టికెట్ ఆ తర్వాత కొనండి.